ఇప్పచెట్ల కింద ఊడ్చిన సుందర్ రావు

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. మార్చి ఎండ. గాలి వీస్తోంది గానీ అది ఇటుక బట్టీ పక్క నుంచి నడిచినప్పుడు మొహానికి కొట్టే గాలి. కాళ్ల కింద టేకు ఆకులు అప్పడాల్లా విరుగుతున్నాయి. నాకు ఆకలికి కడుపు మండిపోతోంది. తెల్లవారకముందే హనుమకొండలో డీసీఎం బండి ఎక్కి, ఏటూరునాగారం దాటి ఈ అడవిలోకి వచ్చాం. కట్టుకొచ్చిన అన్నం మూట కొమ్మకు తగిలించి పనిలోకి దిగాను. తిరిగొచ్చి చూస్తే కోతులు ముడి విప్పుకుని అంతా తినేశాయి. గుడ్డ మాత్రం కొమ్మ మీదే వదిలేశాయి.

కూలీలంతా నవ్వారు. ఒకాయన నవ్వలేదు. టిఫిన్ డబ్బా మూతలో సగం అన్నం పెట్టి, మీద పచ్చిపులుసు పోసి నా ముందుకు జరిపాడు. చెయ్యి పెట్టబోయాను.

"జర ఆగు అన్నా," అని కళ్లు మూసుకున్నాడు.

ప్రార్థన. అది ఎంతకీ అయిపోదు. పెదాలు కదులుతూనే ఉన్నాయి. చీమలు అన్నం ఎక్కుతున్నాయి. ఒక చేత్తో చీమల్ని దులుపుతూ, ఇంకో చేతిని ఆపుకుంటూ కూర్చున్నాను. చివర్లో రెండు పేర్లు వినబడ్డాయి. కృపమ్మ, సారలమ్మ.

తింటూ తింటూ వాళ్లెవరని అడిగాను.

"ఒకామె నా భార్య. పోయింది. ఇంకొకామె ఈ పులుసు చేసినామె. ఉన్నది," అన్నాడు.

అట్లా నాకు సుందర్ రావు తెలిశాడు.

ఆయన పుట్టి పెరిగింది వరంగల్‌లోనే. ఇళ్లకు రంగులు వేసేవాడు. నాకంటే రెండు మూడేళ్లు పెద్ద ఉంటాడేమో, చూడ్డానికి ఇంకా పెద్దగా కనిపించేవాడు. పిల్లల్లేరు. కృపమ్మ జబ్బుచేసి పోయాక ఆ ఇంట్లో ఒక్కడే మిగిలాడు. ఆదివారం చర్చిలో అందరూ వందనాలు చెప్పుకుని, చేతులు కలిపి, ఎవరిళ్లకు వాళ్లు పోయేవారట. "ఇంటికొచ్చి తాళం తీస్తే ఆ చప్పుడు నాకొక్కనికే ఇనబడేది గట్టన్నా," అని ఒకసారి అన్నాడు. గట్టన్న అంటే నేనే. అంతకు మించి ఆ ఇంటి గురించి చెప్పలేదు.

ఎవరో మేస్త్రీ వెంట ఎండాకాలం అడవి పనికి వచ్చాడు. పని అయిపోయి అందరూ వెనక్కి పోతే ఆయన పోలేదు. ఒక కోయగూడెం చివర పాత గుడిసె ఖాళీగా ఉంటే అందులో ఉండిపోయాడు. వానాకాలం మొక్కలు నాటే గుంతలు తవ్వేవాడు. ఎండాకాలం ఫైర్ వాచర్.

ఆ పని తెలియనివాళ్లకు చెప్పాలి. మాఘమాసం దాటితే అడవంతా ఆకు రాలుతుంది. ఒక్క నిప్పురవ్వ పడితే గుట్టలకు గుట్టలు అంటుకుంటాయి. అందుకని అడవి మధ్యలో బాటలాగా ఆకు ఊడ్చి నేల తేలుస్తారు. మంట వస్తే ఆ బాట దగ్గర ఆగుతుందని. ఎక్కడైనా పొగ లేస్తే, ఆ ముక్క అడవిని చూసే బీట్ ఆఫీసర్ ఫోనుకు మెసేజ్ వస్తుంది. మేం పరుగెత్తి పచ్చి మండలు విరుచుకుని మంటను కొట్టాలి. నీళ్లుండవు, బండ్లు రావు. మండలు, మనుషులు, అంతే.

సుందర్ రావుకు ఒక అలవాటు ఉండేది. మంట ఆరిపోయాక అందరం చెట్టు నీడకు పోయేవాళ్లం. ఆయన మాత్రం అక్కడే కూర్చునేవాడు. కొంచెంసేపటికి బూడిద మీద అరచేయి పెట్టి చూసేవాడు. వేడిగా ఉంటే మట్టి చల్లి మళ్లీ కూర్చునేవాడు. చల్లగా తగిలితేనే లేచేవాడు. సొంత పొయ్యి దగ్గర కూడా అంతే. "బూడిద చూస్తాండు, ఇగ మన బండి పొద్దూకినంక కదుల్తది," అని కూలీలు ఎగతాళి చేసేవారు.

సారలమ్మ ఆ గూడెం ఆడమనిషి. వయసులో ఆయనకంటే పెద్దది. భర్త లేడు, తోడుగా ఒక మనవరాలు. మోకాళ్ల నొప్పులు. ఆయన గూడేనికి వచ్చిన మొదటి వానాకాలం జ్వరమొచ్చి గుడిసెలో పడి ఉంటే, తలుపు తోసుకుని వచ్చి జావ తాగించిందట. ఎవరని అడగలేదు, ఏ కులమని అడగలేదు. "లే తమ్మీ, ఇంత తాగు," అన్నదట. ఆ రోజు నుంచి ఆమె పొయ్యి మీద ఉడికిన దాంట్లో ఆయనకు ఒక పాలు. కూలీలం గూడెం పక్కన ఫారెస్టు క్యాంపులోనే ఉండేవాళ్లం కాబట్టి, నేను ఆ అడవికి పోయిన రెండు ఎండాకాలాల్లో చూశాను. సాయంత్రం గూడెంలోకి అడుగు పెట్టగానే ఆమె అరుగు మీది నుంచి "తమ్మీ, వచ్చినవా" అని కేకేసేది. ఆయన "వచ్చిననే అక్కా" అనేవాడు. ఆ ఒక్క పిలుపు కోసమే ఆయన వరంగల్ ఇంటి తాళం తీయకుండా అక్కడ ఉండిపోయాడు. అది నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

సారలమ్మకు అడవిలో నాలుగు ఇప్పచెట్లు ఉన్నాయి. కాగితం లేదు, హద్దురాయి లేదు. అయినా అవి ఆమెవే. వాళ్ల అమ్మ ఏరింది, ఇప్పుడు ఈమె ఏరుతుంది. ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున పూలు రాలుతాయి. వాటిని ఏరి, ఎండబెట్టి అమ్మితేనే ఏడాది గడిచేది. పూలు రాలకముందు చెట్టు కింది ఆకుకు అగ్గి పెడతారు. నేల నల్లగా అవుతుంది, నలుపు మీద తెల్లటి పూలు దూరం నుంచే కనిపిస్తాయి. ఇంకో సంగతి కూడా ఉంది. చెట్టు కింద నేల నల్లగా ఉందంటే ఆ చెట్టుకు మనిషి ఉన్నట్టు. ఇంకెవరూ దాని కింద వంగరు. నలుపు లేని చెట్టు ఈ ఏడు ఎవరికీ అక్కర్లేనిదని లెక్క.

ఆ అగ్గి ఎక్కువసార్లు చెట్టు కిందే ఆరిపోతుంది. ఎప్పుడో ఒకసారి ఆరదు.

సుందర్ రావు అగ్గి ఆర్పే మనిషి. అన్నం పెట్టే మనిషేమో అగ్గి పెట్టే మనిషి. ఏళ్ల తరబడి ఆమె పెట్టేది, ఈయన పక్కన నిలబడి చల్లారేదాకా చూసేవాడు. కిందటేడు మాత్రం ఆమెను బతిమిలాడాడు. కాల్చొద్దు అక్కా, నేనే ఊడుస్తానన్నాడు. ఆమె మోకాళ్లు ఎట్లాగూ వంగవు. మాట కాదనలేక సరేనంది. పనికి రాకముందే పొద్దున్నే పోయి నాలుగు చెట్ల కిందా అద్దంలాగా ఊడ్చేవాడు. ఊడ్చిన ఆకంతా పల్లంలో ఒకేచోట కుప్ప పోసేవాడు. రోజూ కొత్త ఆకు రాలేది. రోజూ కుప్ప పెరిగేది. చెట్టు చుట్టూ గుండ్రంగా తెల్ల రాళ్లు పేర్చాడు, ఇవి సారలమ్మ చెట్లని తెలియడానికి.

గూడెంలో నవ్వుకున్నారు. సుందర్ రావు చెట్లకు ముగ్గేస్తాండని, రేపు బొట్టు కూడా పెడతాడని.

సారలమ్మ నవ్వలేదు. "నల్లగ లేకపోతే నా చెట్టని ఎవలికి ఎరుక తమ్మీ? రాళ్లు ఎవడైనా పెడ్తడు," అన్నది. ఆమెకు భయంగానే ఉంది. చెట్టు కింద నేల ఎర్రగా బోసిగా కనిపిస్తుంటే, తనది కానట్టు అనిపించిందట. ఆ మాట తర్వాత చెప్పింది.

ఒకరోజు మమ్మల్ని ఇంకో బీట్‌కు పిలిచారు, అక్కడ పొగ లేచిందని. తెల్లారుతూనే వెళ్లిపోయాం. ఆ పొద్దు సుందర్ రావు ఊడ్చలేదు. పొద్దెక్కాక మేం ఆ మంటను కొడుతుంటే మా వెనక, మేం వచ్చిన దిక్కే, ఆకాశం పొగతో పసుపుపచ్చగా అయింది. బీట్ ఆఫీసర్ హరికృష్ణ ఫోను చూసుకుని బండి వైపు పరుగెత్తాడు.

ఆ మంట మర్నాటి మధ్యాహ్నానికి గాని లొంగలేదు. వెదురు పొదలు కాలుతుంటే తుపాకులు పేలినట్టు చప్పుడు. నా కనుబొమలు మాడిపోయాయి. గూడేనికి పైనున్న గుట్ట మొత్తం పోయింది. ఆరిపోయాక నడుస్తుంటే నెమలి గుడ్లు పగిలి ఉడికి కనిపించాయి. తాబేలు ఒకటి డిప్పలోనే ఉండిపోయింది. గూడెంలో సగం ఇళ్లవాళ్ల ఇప్పచెట్లకు మొగ్గ మాడింది. సారలమ్మ చెట్లు నాలుగూ బాగానే ఉన్నాయి. కింద ఆకు లేదు కదా, మంట వాటి దగ్గరికి రానేలేదు.

సుందర్ రావు పల్లంలోకి దిగాడు. వెనకే నేనూ దిగాను. ఆయన పోసిన కుప్ప ఉన్నచోట నడుములోతు బూడిద ఉంది. పైన తడి ఆరిన గుర్తులున్నాయి. పక్కన ఒక కుండపెంకు, నిప్పులు తెచ్చుకునేది. ఆయన బూడిదలోకి చెయ్యి పెట్టి వెంటనే వెనక్కి తీశాడు. లోపల ఇంకా వేడిగానే ఉంది.

సారలమ్మే వచ్చి చెప్పింది. దాచలేదు. నల్లగా చేద్దామనుకుంది. చెట్టు కింద కాల్చడానికి ఆకు లేదు. కుప్పలో కొంచెం కాల్చి ఆ బూడిద తెచ్చి చెట్ల కింద చల్లుదామని అగ్గి వేసింది. కొంచెం కాలనిచ్చి బిందెడు నీళ్లు పోసింది. ఆరిపోయింది. చెయ్యి పెట్టి కూడా చూసింది, ఆయన చూసినట్టే. పైన చల్లగా ఉంది. ఇంటికి పోయింది. అన్ని దినాల ఆకు ఒకచోట మక్కి ఉంటే నిప్పు లోపలికి దిగి కూర్చుంటుందని, గాలి వీస్తే మళ్లీ లేస్తుందని ఆమెకు తెలియదు. ఆమె జన్మలో ఎప్పుడూ అంత ఆకును ఒక్కచోట కాల్చలేదు. చెట్టు కింద పలచటి ఆకు కాల్చిందే తెలుసు.

సుందర్ రావు వంగాడు. ఆ పెంకు తీసి ఆమె చేతికిచ్చాడు.

ఆ సాయంత్రం ఒక గొర్రెల కాపరిని పట్టుకొచ్చారు. పేరు బీరయ్య. పాలమూరు దిక్కు మనిషి. ఏటా ఎండాకాలం మంద తోలుకుని గోదావరి ఒడ్డుకు వస్తాడు. కాలిన చోట లేతగడ్డి మొలుస్తుందని గొర్రెలవాళ్లే అగ్గి పెడతారని అడవిలో అందరూ అనుకునే మాట. కాలిన గుట్ట అంచున మంద కనిపించింది. అంతే చాలింది. క్యాంపు దగ్గర కూర్చోబెట్టారు. మందను ముళ్లకంచె లోపల నిలిపారు. నీళ్లు దూరం. గొర్రెలు ఒకటే అరుపు. అవి పిల్లల్ని ఈనే కాలం. ఆయన కంచె వైపు చూస్తూ, పెట్టలేదు సారూ, నేను పెట్టలేదు సారూ అని వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పేవాడు. నాక్కూడా చెప్పాడు. నేను సారునా?

గూడెంలో అందరికీ నిజం తెలుసు. అయినా అందరూ కాపరే అన్నారు. పెద్దమనుషులు సుందర్ రావును పిలిచి మంచిగానే చెప్పారు. నిన్ను అబద్ధం చెప్పమనట్లేదు, మాట్లాడకు చాలు. ఆ కాపరి నాలుగు దినాలు ఉండి పోతాడు, సారలమ్మ ఇక్కడే బతకాలి కదా అని.

నేనూ అదే చెప్పాను. చెప్పాలంటే గట్టిగానే చెప్పాను.

"నువ్వు కండ్లతో చూసినవా? లేదు గదా. ఊకో అన్నా."

"చూడలే. ఆమెనే చెప్పింది. నన్ను నమ్మి చెప్పింది."

"నమ్మి చెప్పినదాన్ని బయటపెడ్తవా మరి?"

ఆయన కాలి గోరు కింద మసి గీక్కున్నాడు. "కుప్ప నేను పోసిన గట్టన్నా," అన్నాడు. "నేను పొయ్యకపోతే ఆమె ఎప్పటిలెక్క చెట్టు కింద కాలబెట్టేది. ఆరిపోయేది. ఆమెకు రాని పని నేను మీద పెట్టిన. ఇప్పుడు నా తప్పు, ఆమె తప్పు కలిసి ఆ గొర్లాయన నెత్తిమీద పడ్డయి. నేను గమ్మున కూసుంటే నాకు కూడు దొరుకుతది, అక్క దొరుకుతది. ఆయనకేం దొరుకుతది?"

సారలమ్మ వాళ్ల అమ్మ కాలం నుంచి కాల్చిన చెట్లు అవి. అడవి బతికే ఉంది. మంచి చేద్దామని ఊడ్చిన ఏడే గుట్ట కాలింది. తప్పు అగ్గిదా, చీపురుదా, గాలిదా? చెప్పగలిగేవాళ్లు చెప్పండి.

మరునాడు పొద్దున ఆయన ముందు సారలమ్మ దగ్గరికే పోయాడు. నేను అరుగు కింద నిలబడ్డాను. క్యాంపులో నిజం చెప్పబోతున్నానని అన్నాడు. ఇద్దరం కలిసి పోదాం రా అక్కా, ఇద్దరి పేర్లూ చెబుదాం అన్నాడు.

ఆమె జావ కలుపుతోంది. తల ఎత్తలేదు. "నా చెట్లు పోతయా?" అని ఒక్కటే అడిగింది.

"నాకెరుకలేదు అక్కా."

"నా కాళ్లు రావు. నువ్వు పో."

జావ గిన్నె ఆయన ముందు పెట్టింది. ఆయన తాగాడు. ఆ రోజు ప్రార్థన చేసుకోవడం మరిచిపోయాడు.

క్యాంపులో రేంజర్ సారుకు ఉన్నదంతా చెప్పాడు. కాపరికి సంబంధం లేదు, అగ్గి సారలమ్మ వేసింది, కుప్ప నేను పోశాను, నా పేరు కూడా రాయండి అన్నాడు. సారు చెడ్డమనిషి కాదు. శ్రద్ధగానే విన్నాడు.

"ఆకు ఊడ్చుడు మీ డ్యూటీనే గదయ్యా. డ్యూటీ చేసినోని మీద కేసు ఎట్ల రాస్తం?"

"ఆ కుప్ప లేకుంటే ఈ అగ్గి ఉండకపోయేది సార్."

"కుప్ప పొయ్యొద్దని చట్టంలో లేదు. అగ్గి పెట్టొద్దని ఉన్నది. నువ్వు మంచోనివి. పో, పని చూస్కో."

మంచోనివి అన్న మాటకు ఆయన చెంపదెబ్బ తిన్నట్టు తలదించుకుని బయటికి వచ్చాడు. హరికృష్ణ కంచె తీయించాడు. బీరయ్య మందను లెక్క చూసుకుని, నడవలేని పిల్లను భుజాన వేసుకుని, దుమ్ము లేపుతూ వెళ్లిపోయాడు. ఎవరి మాటతో బయటపడ్డాడో ఆయనకు తెలియదు. సుందర్ రావు బాట పక్కనే నిలబడి ఉన్నాడు. గొర్రెలు ఆయన్ని ఒరుసుకుంటూ పోయాయి.

సారలమ్మ మీద కేసు రాశారు. చెట్లు తీసుకోలేదు. కానీ ఆ సీజన్ అయ్యేదాకా అటు అడుగు పెట్టొద్దన్నారు. ఆ ఏడు పువ్వు ఆమెది కాదన్నట్టే.

గూడెంలో ఎవరూ ఆయన్ని కొట్టలేదు, తిట్టలేదు. ఒకరిద్దరు మాత్రం వినబడేలా అన్నారు. "అడవి మాది, మనిషి మాది. నడుమ నువ్వెవలవయ్యా?" మిగతావాళ్లు ఆయన వస్తుంటే మాట ఆపేవారు, పోయాక మొదలుపెట్టేవారు.

సారలమ్మ చెట్ల కింద పువ్వు రాలింది. మొగ్గ మాడినవాళ్లు కూడా వాటిని ముట్టలేదు. తెల్ల రాళ్ల లోపల, ఊడ్చిన ఎర్రమట్టి మీద పూలు అట్లాగే పడి ఉండేవి. సుందర్ రావు తెల్లవారుజామునే పోయి ఏరాడు. గంప నిండా తెచ్చి ఆమె అరుగు మీద పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను. ఆమె బయటికి వచ్చింది. గంప చూసింది. ఆయన్ని చూసింది.

"ఈడ పెట్టకున్రి సార్," అన్నది.

కోపంగా అనలేదు. ఆఫీసర్లు వస్తే ఎట్లా మాట్లాడుతుందో అంత మర్యాదగా అన్నది. ఆయన గంప తీయలేదు. ఆమె లోపలికి తీసుకుపోలేదు. మూడో నాటికి పువ్వు పులిసి వాసన వచ్చింది. కోళ్లు ఎక్కి తిన్నాయి.

అన్నం మాత్రం ఆపలేదు ఆమె. అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది. సాయంత్రం అరుగు మీద పళ్లెం ఉండేది, ఇంకో పళ్లెం బోర్లించి. కేక ఉండేది కాదు. ఆమె లోపల ఉండేది, తలుపు దగ్గరికి వేసి ఉండేది. మనవరాలితో "సార్ తిన్నడా చూడు," అనడం ఒకసారి బయటికి వినబడింది. ఆయన తింటూ తింటూ ఆగి, మళ్లీ తిన్నాడు.

తర్వాత ఆయన ప్రార్థనలో మూడు పేర్లు వినబడేవి. మూడోది బీరయ్య. సారలమ్మ పేరు దగ్గర మాత్రం గొంతు బాగా తగ్గేది. దేవునికి కూడా వినబడిందో లేదో.

మే నెల చివర్లో తొలి వాన పడింది. అగ్గి పని అయిపోయింది. మమ్మల్ని వరంగల్ తీసుకుపోవడానికి బండి వచ్చే రోజు. ఆయన్ని కూడా రమ్మందామని పొద్దున్నే గుడిసెకు పోయాను. తలుపు తీసే ఉంది. నులకమంచం నిలబెట్టి ఉంది. డబ్బా లేదు, సంచి లేదు. నేల ఊడ్చి ఉంది.

వెతుక్కుంటూ ఇప్పచెట్ల దాకా పోయాను. నాలుగు చెట్ల కిందా ఊడ్చి ఉంది. కుప్ప ఎక్కడా లేదు. ఊడ్చిన ఆకంతా కింద వాగు పక్కన గుంత తీసి, పలచగా పరిచి, మట్టి కప్పి ఉంది. తెల్ల రాళ్లు తీసేశాడు. చెట్టు చుట్టూ నేల మీద, రాళ్లున్న చోట, బొగ్గు నూరి పూసిన నల్లటి వలయం ఉంది. రంగులు వేసేవాడి చెయ్యి, ఎక్కడా చెదరలేదు. వాన పడ్డాక వేసిందే అయి ఉండాలి, మట్టి తడికి బాగా పట్టుకుంది. రాలే పువ్వు ఆ ఏటికి అయిపోయింది. వచ్చే వానలకు ఆ నలుపూ పోతుంది. అది ఆయనకు తెలియక కాదు.

వెనక్కి వచ్చేసరికి సారలమ్మ ఆయన గుడిసె ముందు నిలబడి ఉంది. చేతిలో పళ్లెం.

"సార్ పోయిండా?"

"పోయిండే అక్కా."

"ఏమన్న చెప్పిండా?"

లేదన్నాను. ఆమె గుమ్మంలోంచి లోపలికి చూసింది. పొయ్యి దగ్గరికి పోయి, మోకాళ్లు పట్టుకుని కష్టంగా వంగి, బూడిద మీద అరచేయి పెట్టింది. కొంచెం లోపలికి కూడా దింపి చూసింది.

"సల్లగున్నది," అన్నది.

నాకు అర్థమైంది. బూడిద లోపలిదాకా చల్లారేవరకు అక్కడే కూర్చున్నాడంటే, చెప్పి పోవడానికి టైము లేక కాదు. ఆమె గుడిసె ఆ గుమ్మంలోంచి కనబడుతూనే ఉంటుంది.

ఆమె పళ్లెం నా చేతిలో పెట్టింది. నేను పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. అక్కడే గుమ్మంలో కూర్చుని తిన్నాను. పైన రోడ్డు మీద బండి హారన్ కొడుతోంది. ఆమె పొయ్యి దగ్గరే, చెయ్యి బూడిదలోంచి తీయకుండా, అట్లాగే కూర్చుని ఉంది.